పదిహేను రోజులకోసారి తూకం

నేను బరువు తగ్గాలని మొదట చెప్పింది బందరులో ఒక డాక్టరమ్మ. చెప్పిన తీరే నాకు నచ్చలేదు. రెండో కాన్పు తర్వాత నాకు బొడ్డు దగ్గర పేగు జారింది. దగ్గితే నిమ్మకాయంత ముద్ద పైకి లేచేది, పడుకుంటే లోపలికి పోయేది. ఆపరేషన్ చేసి కుట్టేయాలంది. సరే కుట్టేయండి అన్నాను. ఆవిడ నన్ను కాటా ఎక్కించి, నూట డెబ్భై ఆరు పౌండ్లని వరండాలో వాళ్ళకి కూడా వినపడేట్టు చదివి, "ఇంత ఒంటి మీద వేస్తే కుట్లు నిలవవమ్మా. నూట యాభై అయిదుకి దిగిరా, చేస్తాను" అంది. ఈలోగా ఎప్పుడైనా ఆ పేగు బయటికొచ్చి ఇరుక్కుపోతే ప్రాణం మీదికొస్తుందన్న ముక్క కూడా అదే గొంతుతో చెప్పింది.

అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. ఇద్దరూ ఆడపిల్లలు. చిన్నది ఇంకా పాకుతోంది. నేను పోతే వీళ్ళ జడలు ఎవరు వేస్తారన్న ఆలోచన ఒకటే వచ్చింది నాకు, అక్కడ ఆ కాటా మీద నిలబడి.

"బరువు ఎన్నాళ్ళకోసారి చూసుకోవాలండీ?" అని అడిగాను.

"పదిహేను రోజులకోసారి. ఇక్కడికే రా, ఈ కాటా మీదే చూస్తాను. మధ్యలో ఎక్కడా చూసుకోకు."

అదిగో, అక్కడ పడింది నాకు అనుమానం. ఈ కాటా మీదే ఎందుకు? మధ్యలో చూసుకుంటే ఈవిడ సొమ్మేం పోయింది? నాకు మొదటినుంచీ అనుమానం పాలు కాస్త ఎక్కువే. కూరలవాడు మరీ నవ్వుతూ తూస్తుంటే తక్కెడ కింద చెయ్యి పెట్టి చూసే రకాన్ని. పుట్టింట్లో నన్ను పోలీసమ్మ అనేవారు. నేనేమీ సిగ్గుపడలేదు. ఇంటికో పోలీసమ్మ ఉండాలి.

మావారు గుడివాడ స్టేషనులో పార్సిల్ గుమాస్తా. మా క్వార్టరు పట్టాల పక్కనే. ప్లాట్‌ఫారం మీద బరువు చూసే మిషను ఒకటుండేది, ఎర్రగా, నిలువెత్తున. నాణెం వేస్తే రంగు దీపాలు వెలిగి, చక్రం గిర్రున తిరిగి, చీటీ పడేది. చీటీకి ఒకవైపు బరువు, రెండోవైపు జాతకం. కూతవేటు దూరంలో మిషను పెట్టుకుని పదిహేను రోజులు ఎవరాగుతారు? బందరు నుంచి వచ్చిన మర్నాడే వెళ్ళాను. నూట డెబ్భై తొమ్మిది! ఒక్కరోజులో మూడు పౌండ్లు ఎక్కడినుంచి వచ్చాయి? చీటీ వెనక "మీ కష్టములు త్వరలో తీరును" అని ఉంది. మిషను అబద్ధాలకోరని అప్పుడే తేలిపోయింది నాకు.

అయినా మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఆ మర్నాడూ వెళ్ళాను. పొద్దున్న ఒకటి చెప్పేది, భోజనం అయ్యాక ఇంకోటి చెప్పేది. చెప్పులు విప్పి చూశాను. గాజులు తీసి చూశాను. పట్టుచీర బరువని నూలుచీరలో వెళ్ళి చూశాను. మావారు, "జడ కూడా విప్పి నా చేతికియ్యి, పట్టుకుంటాను" అన్నారు. ఆయనకి నవ్వులాటగా ఉంది. ఆయన బొడ్డు బాగానే ఉంది కదా.

మిషను మీద నమ్మకం చాలక ఒకరోజు పార్సిల్ ఆఫీసులోకి నడిచి వెళ్ళి, పెడన చీరల మూటలూ బంటుమిల్లి చేపల బుట్టలూ తూచే కాటా మీద ఎక్కి నిలబడ్డాను. హమాలీలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. మావారు కుర్చీలోంచి లేచి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఇంతకీ ఎక్కడికి బుక్ చెయ్యమంటావు?" అన్నారు.

"ముందు బరువు చెప్పండి."

"ఎనభై."

ఎనభయ్యే! నా ఆనందం ఇంతా అంతా కాదు. అవి కిలోలని ఆయన కాగితం మీద లెక్కవేసి చూపించేదాకా కాటా దిగలేదు. అప్పుడప్పుడే కిలోలు వచ్చిన రోజులు. ఆసుపత్రిలో ఇంకా పౌండ్లే, పార్సిల్ ఆఫీసులో మాత్రం కిలోలు. లెక్క సరిగ్గానే ఉందని ఆయన ఎంత చెప్పినా, ఎనభై అంకెని వదులుకోవడానికి నాకు మనసొప్పలేదు.

ఇక తిండి సంగతి. మధ్యాహ్నం గుప్పెడు అన్నం, ఆకుకూర. రాత్రి నెయ్యి తగలని గోధుమ రొట్టెలు రెండు. వెన్న తీసిన మజ్జిగ. నేను బరువులెత్తకూడదు గనక వంటిల్లంతా మా అత్తగారి చేతిలోకి వెళ్ళిపోయింది. ఆవిడ దివిసీమ మనిషి. అవనిగడ్డ దాటి ఇంకా లోపలికి వెళ్ళాలి వాళ్ళ ఊరికి. ఎదటి మనిషి విస్తట్లో ఖాళీ కనపడితే ఆవిడకి చెయ్యి ఊరుకోదు. అలాంటి మనిషి డాక్టరమ్మ చెప్పినదానికి నోరెత్తకుండా తలూపారు. అదీ నాకు అనుమానంగానే ఉంది. కానీ ఆవిడ నన్ను కూతురిలా చూసుకునే మనిషి. పోన్లే, ప్రేమకొద్దీ ఒప్పుకున్నారు అనుకున్నాను.

ఒక్క తూకం అంటేనే ఆవిడకి పడేది కాదు. "బస్తాల్ని తూస్తారుగానీ మనుషుల్ని తూస్తారటమ్మా?" అనేవారు. రైల్లో నాతోపాటు బందరు వచ్చేవారు, పిల్లని ఎత్తుకోవడానికి. నేను కాటా ఎక్కే వేళకి మాత్రం పిల్లని భుజాన వేసుకుని వరండాలోకి వెళ్ళిపోయేవారు. దిష్టి భయం కాబోలు అనుకున్నాను.

మొదటి నెల ఎనిమిది పౌండ్లు దిగాను. డాక్టరమ్మ భుజం తట్టింది. నాకు ఉత్సాహం ఆగలేదు. రోజూ పొద్దున్నే స్టేషనుకి వెళ్ళడం, చీటీ పట్టుకుని గుమ్మంలోంచే, "అత్తయ్యా, ఇవాళ ఇంకో పౌండు తగ్గానండీ!" అని కేకెయ్యడం. ఆవిడ "ఊఁ" అని పొయ్యి ఊదుకునేవారు. అక్కడినుంచీ ఏమొచ్చిందో మరి, ఇవాళ ఒకటి తగ్గితే ఎల్లుండికి రెండు పెరిగేది. రెండో నెల చివర్న ఆసుపత్రి కాటా మీద మొదటి నెల కన్నా నాలుగు పౌండ్లు ఎక్కువే తేలాను. డాక్టరమ్మ కళ్ళద్దాల మీంచి చూసి, "దొంగతనంగా ఏం తింటున్నావమ్మా?" అంది.

నన్ను! ఊళ్ళో వాళ్ళందర్నీ అనుమానించే నన్ను! ఒళ్ళు మండిపోయింది. పస్తులుండి కళ్ళు తిరుగుతుంటే గోడ పట్టుకుని నడుస్తున్నాను, దొంగతిండి తింటున్నానట. గుడివాడ వచ్చే రైల్లో ఎదురుగా ఎవరో బందరు లడ్డూల పొట్లం విప్పితే వాళ్ళ మీద కూడా కోపం వచ్చింది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం చిన్నది కిందపడి ఏడుస్తుంటే గబుక్కున వంగి ఎత్తుకున్నాను. ముద్ద పైకొచ్చింది, మళ్ళీ లోపలికి పోలేదు. రాయిలా గట్టిపడింది. వాంతి అయింది. నొప్పికి కళ్ళు బైర్లు కమ్మాయి. మావారు పరుగెత్తుకొచ్చి కాళ్ళకింద దిళ్ళు ఎత్తుపెట్టి పడుకోబెట్టారు. జట్కా కోసం మనిషిని పంపారు. జట్కా వచ్చే వేళకి అది తనంతట తనే లోపలికి జారింది. బతికిపోయాను. ఆ పక్కమీద పడుకుని, ఈసారికి జారింది, వచ్చేసారి జారకపోతే ఏమిటి గతి అనుకుంటే నాకు ఏడుపు ఆగలేదు.

ఏడుపయ్యాక ఆలోచన వచ్చింది. నేను తినడం లేదు. బరువు పెరుగుతోంది. మిషన్లు మూడూ కూడబలుక్కోలేవు కదా! అయితే ఏదో నాకు తెలియకుండా నా నోట్లోకే వెళుతోంది.

ఆ రోజునుంచి కళ్ళలో వత్తులు వేసుకుని కూచున్నాను. మజ్జిగలో వేలు ముంచి చూశాను. ఆకుకూర వాసన చూశాను. ఒక సాయంత్రం అత్తగారు రొట్టెలు ముందు పెట్టి పెద్దదానికి అన్నం కలపడానికి వెళ్ళారు. నేను ఒక రొట్టె తీసి పాత పత్రిక కాగితం మీద పెట్టి పైన పీట బరువు పెట్టాను. కాసేపాగి ఎత్తి చూస్తే కాగితం అటునుంచి ఇటు కనపడుతోంది, నెయ్యి పీల్చుకుని. పిండిలోనే వేసి కలిపారన్నమాట, పైన చేతికి తగలకుండా.

పోలీసమ్మకి దొంగ దొరికితే సంతోషం రావాలి. నాకు భయం పట్టుకుంది. ఈవిడకి నేను బతకడం ఇష్టం లేదా? నేను పోతే కొడుక్కి ఇంకో పెళ్ళి చేద్దామనా? నమ్మిన మనిషి మీద అంత పాపిష్టి ఆలోచన కూడా వచ్చింది నాకు, దాచుకోవడం ఎందుకు.

కాగితం తీసుకెళ్ళి ఆవిడ ముందు పట్టుకున్నాను. "ఏమిటత్తయ్యా ఇది?"

ఆవిడ కాగితం వంక చూసి, పిల్ల నోట్లో ముద్ద పెట్టి, చెయ్యి కడుక్కున్నారు. బుకాయించలేదు. "నెయ్యి" అన్నారు.

"ఎందుకు వేశారు? నేను చావాలనా?"

"నోరుముయ్యి!" అని అరిచారు. పదేళ్ళ కాపురంలో ఆవిడ నామీద అరవడం అదే మొదలు. తర్వాత పీట మీద కూలబడి చెప్పారు. మావారికి ఒక అక్క ఉండేదనీ, పెళ్ళీడులో జ్వరం వచ్చి పోయిందనీ నాకు తెలుసు. జ్వరం కాదట. క్షయట. ఆ పేరు బయటికొస్తే ఆ ఇంటికి పిల్లనెవరిస్తారని జ్వరమనే చెప్పుకున్నారట. ఆసుపత్రిలో కూతురి దగ్గర ఈవిడే ఉన్నారట.

"సోమవారం సోమవారం తూచేవారమ్మా. పెరిగితే మంచిదనేవారు. ఒక్క సోమవారం పెరిగితే ఒట్టు. గుడ్లు పెట్టాను, పాలు పట్టాను. వారం వారం దిగిపోయేది. కాటా దిగి అది నా మొహం వంకే చూసేది, ఎంతుందమ్మా అని. నువ్వేమో పొద్దున్నే గుమ్మంలోంచి తగ్గానత్తయ్యా తగ్గానత్తయ్యా అని కేకేస్తావు. అక్కడ దిగితే చావన్నారు. ఇక్కడ దిగితే బతుకంటున్నారు. నా బుర్రకెక్కట్లేదే! నువ్వు తగ్గానన్న పూట నా చెయ్యి దానంతటదే నేతిగిన్నెలోకి పోయేది."

ఓరి భగవంతుడా అనుకున్నాను. మిషను అబద్ధమాడలేదు. నేను రోజూ చీటీ చదవడం, ఆవిడ ఆ రోజు ఇంకో గరిటె వెయ్యడం! ఎన్నిసార్లు తూచుకుంటే అంత నెయ్యి తిన్నానన్నమాట.

కోపం పోయిందని చెప్పను. సగం పోయింది. ఆవిడ పక్కన కూచుని, ఆవిడ చెయ్యి తీసి నా బొడ్డు మీద పెట్టి గట్టిగా దగ్గాను. ముద్ద ఆవిడ అరచేతిలోకి లేచింది. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోబోతే పట్టుకుని ఉంచాను.

"ఇది లోపలికి పోని రోజున నేనుండనత్తయ్యా. బరువు దిగితేనే ఇది కుట్టేది."

చాలాసేపు ఆ చెయ్యి అక్కడే ఉంచారు. తర్వాత, "సరే. ఆ స్టేషనుకి వెళ్ళడం మాత్రం మానెయ్యి. డాక్టరమ్మ చెప్పినట్టు పదిహేను రోజులకోసారే చూసుకో. ఎంతుందో నాకు చెప్పకు. నీ మొహం చూసి తెలుసుకుంటాను" అన్నారు.

మానేశాను. మొదటి వారం మిషను పక్కనుంచి వెళుతుంటే కాళ్ళు లాగేవి. తర్వాత అలవాటైపోయింది. ఆవిడ కూడా మాట నిలబెట్టుకున్నారు. అయినా నేను ఇంకొన్నాళ్ళు రొట్టె కాగితం మీద పెట్టి చూస్తూనే ఉన్నాను. అది కనిపెట్టి ఆవిడే రొట్టెని కాగితం మీద పెట్టి తెచ్చి, కాగితం దీపానికి ఎత్తి చూపించి, "చూసుకో తల్లీ, చూసుకో" అని మరీ వడ్డించేవారు.

కోతలు అయ్యేనాటికి దిగాను. ఆ రోజు ఆవిడ వరండాలోకి వెళ్ళలేదు. పిల్లని మావారికిచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. డాక్టరమ్మ కాటా గుండుని వెనక్కి జరిపి, "నూట యాభై నాలుగు. శభాష్! సోమవారం ఆపరేషన్" అంది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

అత్తగారి మొహంలో నెత్తురు లేదు. నన్ను దాటి నేరుగా డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి చేతులు జోడించారు.

"డాక్టరమ్మగారూ, ఇక్కడితో ఆగుతుందాండీ?"

"ఏమిటి ఆగేది?"

"బరువండీ. ఇంకా దిగిపోదు కదా?"

డాక్టరమ్మ నవ్వేసింది. ఆవిడకేం తెలుసు. "ఆగకేం? కుట్లు మానాక శుభ్రంగా అన్నం పెట్టండి" అంది.

అత్తగారు నమ్మలేదు. నేను కాటా దిగబోతుంటే నా రెక్క పట్టుకుని ఆపి, మళ్ళీ పైకి నెట్టారు.

"ఇంకోసారి చూడండమ్మా" అన్నారు డాక్టరమ్మతో. "రేపు కూడా తీసుకొస్తాను. రోజూ తీసుకొస్తాను. ఆగిందాకా రోజూ చూడండి."