నడుమెత్తు గడువు

లింగమ్మకు మగడి మీద ఉన్న కోపమంతా ఆయన పెట్టిపోయిన గడువు మీదే.

పెన్‌పహాడ్‌లో కల్లుగీత అంటే ఆమె మగడు ఎర్రయ్యే. చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని నడిచి వస్తుంటే ఊరికి తెల్లారినట్టే. నలభై ఏడులో, నిజాం సర్కారుకు కల్లు మీద వచ్చే ఆదాయం ఆపాలని ఊరి కుర్రాళ్లు గొడ్డళ్లతో తాటివనమంతా నేలకూల్చారు. ఎర్రయ్య అడ్డం పోలేదు. సర్కారు పోవాలని అతనికీ ఉంది. కానీ చెట్లు కూలుతున్నంతసేపూ ఇంట్లో తలుపేసుకుని కూర్చున్నాడు. తర్వాత మోకు తీసుకుని, కోదాడ దాటి, గీతపని వెతుక్కుంటూ బందరు వైపు వెళ్లిపోయాడు.

మరుసటి ఎండాకాలం ఒక్కసారి వచ్చాడు. చేతిలో కిరసనాయిలు డబ్బా, అందులో జానెడు మొక్క. ఆకులు చిన్న చిన్న విసనకర్రల్లా విచ్చుకుని ఉన్నాయి.

"సముద్రం ఒడ్డున దొర తోటల మాలి ఇచ్చిండే. తాటిమొక్కే. మన తాటిమొక్కను పీకి నాటితె బతుకుతదా? ఇది డబ్బాల బతికింది సూడు. గట్టి జాతి!" అన్నాడు మురిసిపోతూ.

గీత తెలిసినవాడు కాబట్టే బోల్తాపడ్డాడు పాపం. ఇంకొకడైతే ఇదేం చెట్టని మాలిని అడిగేవాడు. తాటాకు చూసి ఎర్రయ్య ఒకర్ని అడగడమా? ఎంత నామోషీ!

పెరట్లో నాటాడు. మూడోనాడు బయల్దేరుతుంటే లింగమ్మ దారికి అడ్డం నిలబడింది.

"ఇది నీ నడుమెత్తు కాంగనె వస్త. వచ్చినంక ఇగ యాడికీ పోను."

"ఒట్టు?"

ఎర్రయ్య మోకు మీద చెయ్యేశాడు. తన ప్రాణాన్ని రోజూ ఆకాశంలో నిలబెట్టే తాడు మీద గీతకాడెవడూ ఉత్తుత్తి ఒట్టు వెయ్యడు.

ఆ వానాకాలం వెళ్లేసరికి సర్కారు మారింది. రజాకార్లకు భయపడి అవతలికి పోయినవాళ్లు కోదాడ మీదుగా బండ్లు కట్టుకుని తిరిగొచ్చారు. లింగమ్మ సూర్యాపేట రోడ్డు మీద నిలబడి అందర్నీ అడిగింది. ఎర్రయ్యను చూసినవాళ్లు లేరు. ఆమె ఏడవలేదు. చెట్టు ఇంకా నడుముకు రాలేదుగా! ఇంటికొచ్చి రెండు కడవలు ఎక్కువ పోసింది. ప్రతి అమావాస్యకూ పక్కన నిటారుగా నిలబడి కొలుచుకునేది. చెట్టు మోకాలి దగ్గరికి వచ్చి, అక్కడే మొండికేసింది.

ఏడాది తిరిగాక ఒక పొద్దున మామ గోపయ్య పెరట్లోకి వచ్చి, చెట్టు మొదట్లో కూర్చుని చాలాసేపు చూశాడు. ఆయనా యాభై ఏళ్లు తాటిచెట్లెక్కినవాడే.

"బిడ్డా, ఇది తాటిచెట్టు గాదే. తాటికి పిలకలు పుడ్తయా? దీనికి మూడు పుట్టినయ్. తోటల అందానికి పెట్టుకునే పొట్టి జాతి. ఇంతకన్న లేవది."

"అంటే నీ కొడుకు రాడా మామా?"

ముసలాయన లేచి, గోడ పట్టుకుని ఇంట్లోకి నడిచాడు.

నాలుగు రోజులు లింగమ్మ ఆ పక్కకే పోలేదు. ఎర్రయ్యను తిట్టింది, మాలిని తిట్టింది, ఎన్నడూ చూడని సముద్రాన్ని కూడా తిట్టింది. అయిదోనాడు ఉండబట్టలేక కడవెత్తుకుని వెళ్లింది. చెట్టు ఏమీ వాడలేదు. నీళ్లు పోసింది. పోశాక అక్కడే తడిమట్టిలో చతికిలబడింది.

ఆకు కొస ఒకటి రవికె అంచుకు తగిలింది. లింగమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకుని, చెట్టు వైపు చూసింది. మళ్లీ చూసింది.

"తప్పు నాదేనయ్యా, నిలవడి కొలిస్తి," అంది కోదాడ దిక్కు తిరిగి, పక్కనున్న మనిషితో అన్నట్టే. "కూసుంటె నడుము ఎన్నడో దాటింది. ఇగ రారాదు?"