గురి మాస్టారి రైఫిలు

రైఫిల్ క్లబ్బులో ఆయన్ని అందరూ గురి మాస్టారనేవారు. పది మీటర్ల దూరంలో ఉన్న చుక్కను కొట్టడం ఆయనకు మంచినీళ్ళ ప్రాయం. ఆయన కోడలు ఆ క్లబ్బులోనే ఎయిర్ రైఫిళ్ళు బాగుచేసేది. ఆమె పుట్టింటివాళ్ళది గ్యాస్ వాల్వులు బాగుచేసే దుకాణం. అక్కడ ఆమె పనితనం చూసే మాస్టారు సంబంధం కలుపుకున్నారు. "మా కోడలు గాలి తిని బతుకుతుంది" అని ఆయన అన్నప్పుడల్లా క్లబ్బంతా నవ్వేది.

అలాంటి మాస్టారికి గురి తప్పడం మొదలైంది.

"రెగ్యులేటర్ పాడైనట్టుందమ్మాయ్. ఓ గుండు పైకి పోతుంది, ఓ గుండు పక్కకి. కాస్త చూడు" అన్నారు ఒక ఉదయం, రైఫిలు ఆమె బల్ల మీద పెట్టి.

సిలిండర్లో కిక్కిరిసి ఉన్న గాలిని ప్రతిసారీ ఒకే ఒత్తిడితో తుపాకీకి అందించేదే రెగ్యులేటర్. ఆమె ఒత్తిడి కొలిచే గేజి బిగించి కాల్చి చూసింది. ముల్లు ఆగవలసిన చోట ఆగకుండా నత్తలా పైకి పాకుతూనే ఉంది. స్క్రూ తిప్పి ఒత్తిడి తగ్గించింది. ముల్లు కిందినుంచి బయలుదేరింది గాని పాకడం మానలేదు. అంటే తప్పు సర్దుబాటులో లేదు, లోపల ఎక్కడో గాలి కారుతోంది. సిలిండర్ తీసి, మిగిలిన గాలంతా వదిలేశాక రెగ్యులేటర్ విప్పింది. వాల్వు ఆనుకునే సీటు మీద వెంట్రుకంత గీత. ఏ ఇనప రజనో ఇరుక్కుని గీరుకుపోయింది.

"దొరికావురా దొంగా!" అనుకుంది.

కొత్త సీటు వేసి, రబ్బరు రింగులు మార్చి, స్క్రూను కొద్దికొద్దిగా తిప్పుతూ, తిప్పినప్పుడల్లా నాలుగు గుండ్లు కాల్చి చూసుకుంది. ముల్లు గోడకు కొట్టిన మేకులా నిలబడింది. మాస్టారి ఎదుటే రైఫిలును, కదలకుండా పట్టి ఉంచే ఇనప వైస్‌లో బిగించి కాల్చింది. గుండ్లన్నీ ఒకే కన్నంలో దూరాయి. ఆయన మొహం వెలిగింది.

తర్వాత ఆయన రైఫిలు చేతిలోకి తీసుకున్నారు. మొదటి రెండూ నడిమధ్యన తగిలాయి. మిగతావి చెల్లాచెదురు.

"ఇంకా ఎక్కడో కారుతోంది. మళ్ళీ విప్పు."

విప్పింది. ఏమీ లేదని తెలిసీ తుడిచి బిగించింది. మర్నాడూ అదే మాట, అదే పని. అప్పుడే చూసిందామె: డబ్బాలోంచి గుండు తీస్తుంటే ఆయన వేళ్ళు వణికి రెండు మూడు కింద రాలుతున్నాయి.

"మావయ్యా, రైఫిలు బాగానే ఉంది."

"అంటే?"

"మీ చెయ్యి... ఓసారి డాక్టరుకు చూపిద్దాం."

మాస్టారి మొహం మాడిపోయింది. "నిన్ను ఈ క్లబ్బుకు తెచ్చిందే నేను. నాకే ఎసరు పెడతావా?" అని రైఫిలు లాక్కుని వెళ్ళిపోయారు.

ఆ తర్వాత ఇంట్లో ఆయన ఆమెతో మాట్లాడలేదు. ఆమె ఒక గదిలోకి వస్తే ఆయన ఇంకో గదిలోకి పోయేవారు.

"నాన్నతో అంత మొహమ్మీద అనకుండా ఉండాల్సింది" అన్నాడు భర్త.

"నువ్వు కొడుకువి. నువ్వే అనొచ్చుగా! నీ కళ్ళకు కనబడలేదా?"

అతనికీ కనబడుతూనే ఉంది.

ఆదివారం మధ్యాహ్నం మాస్టారి గదిలోంచి ఇనుము గీసుకుంటున్న చప్పుడు వచ్చింది. ఆమె తలుపు తోసింది. ఆయన మంచం మీద రైఫిలు పెట్టుకుని రెగ్యులేటర్ విప్పబోతున్నారు. స్పానర్ ఎంతకీ నట్టు మీద కూర్చోవడం లేదు. ఆమె చూపు సిలిండర్ గేజి మీద పడింది. లోపల నిండా గాలి!

"వదలండి మావయ్యా! గాలుంది!"

స్పానర్ ఆయన చేతిలోంచి జారిపడింది. గాలి తీయకుండా విప్పితే ముక్కలు తూటాల్లా ఎగురుతాయని కొత్తవాళ్ళను కేకలేసి మరీ హెచ్చరించే మనిషి. ఆయన గేజిని వేలితో తట్టి చూశారు.

"మర్చిపోయానే" అన్నారు. "నీళ్ళ గ్లాసు కూడా రెండు చేతుల్తో పట్టుకుంటున్నా. మీరు చూడకుండా తాగుతున్నా."

ఆమె కింద కూర్చుని ఆయన చేతిని తన చేతుల్లోకి తీసుకుంది. అది వణుకుతూనే ఉంది.

నరాల జబ్బన్నాడు డాక్టరు. మందులతో వణుకు తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదన్నాడు. ఇప్పుడు మాస్టారు పొద్దున్నపూట చొక్కా గుండీలు తానే పెట్టుకుంటారు. సాయంత్రానికి కోడల్ని పిలవక తప్పదు. రైఫిలు క్లబ్బుకిచ్చేశారు. అప్పుడప్పుడు వచ్చి కొత్తవాళ్ళు నిలబడే తీరు సరిదిద్దుతారు. తన రైఫిలుతో ఎవరైనా కాలుస్తుంటే మాత్రం లేచి బయటికి వెళ్ళిపోతారు. ఆ రోజు ఆమెకు పని మీద మనసు నిలవదు.