అయిదు బొంతల అంచు వరుస

మా అమ్మ శారమ్మ బోధన్‌లో ముప్పై ఏళ్లు బొంతలు కుట్టింది. నేను నిజామాబాద్‌లో పద్దెనిమిదేళ్లుగా బ్లౌజులు కుడుతున్నాను. తల్లీ బిడ్డలిద్దరి చేతుల్లోనూ సూదే కదా, పని ఒకటే అంటారు జనం. నేనూ అలాగే అనుకున్నాను. అలా అనుకోవడం వల్లే ఈ ఎండాకాలం నేను చేసిన పని చేశాను.

అమ్మది కోటగిరి వైపు పల్లె. మా నాయన సత్యానందం చక్కెర ఫ్యాక్టరీకి వచ్చే చెరుకు బండ్ల దగ్గర హమాలీ. పెళ్లయ్యాక అమ్మ కూడా చెరుకు కోతలకు పోయేది. నాకు పదకొండేళ్లప్పుడు నాయన పోయాడు. తమ్ముడు పాల్ రాజ్ అప్పటికి సరిగ్గా మాటలు కూడా రాని పిల్లవాడు. పిల్లవాణ్ణి చంకనేసుకుని చెరుకు కొట్టలేక, అమ్మ తన తల్లి దగ్గర నేర్చుకున్న బొంతల పని పట్టుకుంది. నన్ను నిజామాబాద్ హాస్టల్లో వేసింది.

బొంత అంటే పాత చీరలు, పాత ధోతులు ఒకదాని మీద ఒకటి పరిచి, పైన పేలికలు అతికి, అన్నింటినీ కలిపి కుట్టేది. కొనకుండా వచ్చే దుప్పటి. అమ్మ వరండాలో గుడ్డలు పరిచి, కొసలకు రాళ్లు పెట్టి, కాళ్లు చాపుకుని కూర్చునేది. అంచు చుట్టూ మొదటి వరుస. దాని లోపల ఇంకొకటి. అట్లా తిరుగుతూ తిరుగుతూ నడుమకు వచ్చేసరికి నెలా, నెలన్నర పట్టేది. శక్కర్‌నగర్ క్వార్టర్ల ఆడవాళ్లు, అంగట్లో మరాఠీ మాట్లాడే ముసలమ్మలు, పసుపు పండించే పటేళ్ల ఇళ్లవాళ్లు, అందరూ మా వరండాకే వచ్చేవాళ్లు. మరాఠీ ముసలమ్మలు దాన్ని గోధడి అనేవాళ్లు. పేరేదైనా అమ్మకు పని పనే.

నాకు మాత్రం ఆ పని అంటే మంట. హాస్టల్లో నన్ను పేలికల రజిని అనేవాళ్లు. ఒకసారి ఆ మాట అన్న పిల్ల జడ పట్టుకుని గుంజి వార్డెన్ చేత దెబ్బలు తిన్నాను. సెలవులకు ఇంటికి వస్తే వరండాలో ఎవరో ఒకామె సూది పట్టుకుని, నాలుక కరుచుకుని, అమ్మ పక్కన కూర్చుని కుడుతూ ఉండేది. వచ్చినామె ఊరికే కూర్చోలేక చెయ్యి పెడుతోందనుకునేదాన్ని. ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు. మూతి ముడుచుకుని పుస్తకం పట్టుకుని లోపలికి పోయేదాన్ని. ఆ వరండా మీద నేను అమ్మ పక్కన ఒక గంట కూర్చున్న రోజు నాకు గుర్తు లేదు.

టెన్త్ అయ్యాక మిషన్ నేర్చుకున్నాను, పెళ్లయ్యాక షాపు పెట్టుకున్నాను. నా చేతి కుట్టు గీత గీసినట్టు వస్తుందని పేరు. ఆ పొగరు నాకు బాగానే ఉంది, దాచుకోవడమెందుకు.

పోయిన ఏడు అమ్మ ఫోన్లో, సూదిలో దారం ఎక్కడం లేదని చెప్పింది. కంట్లో పొర వచ్చి ఉంటుంది, పెళ్లిళ్ల సీజన్ అయిపోగానే తీసుకుపోయి చూపిస్తానన్నాను. సీజన్ అయిపోయింది. తర్వాత స్కూలు డ్రెస్సులు వచ్చాయి. తర్వాత బతుకమ్మ బ్లౌజులు. మళ్లీ పెళ్లిళ్లు. అమ్మ రెండోసారి అడగలేదు. పొద్దున్నే పక్కింటామెతో పది సూదుల్లో దారాలు ఎక్కించుకుని, దిండుకు గుచ్చి పెట్టుకుని, ఆ రోజుకు అవే వాడుకునేదట. ఈ సంగతి నాకు అమ్మ పోయాక తెలిసింది.

మట్టల ఆదివారం గుడి నుంచి వచ్చి ఛాతీలో నొప్పి అంది. ఆస్పత్రిలో మూడు రోజులే ఉంది. రెండో రోజు కాస్త తెలివిగా ఉన్నప్పుడు నా చెయ్యి పట్టుకుని, "సందుగుల అయిదు బొంతలున్నయి రజినీ" అంది.

"నేను కుడత తియ్, నువ్వు పండుకో" అన్నాను.

"అది గాదు బిడ్డా, నడుమల…"

"నాకు కుట్టుడు నేర్పుతవా అమ్మా?" అని నవ్వాను. అమ్మ కూడా కొంచెం నవ్వింది. కళ్లు మూసుకుంది. ఆ మాట నేను నవ్వులాటకే అన్నాను గానీ, చెప్పబోతున్నదాన్ని నోరు మూయించింది ఆ మాటే.

అమ్మ పోయాక చర్చి వాళ్లు పెట్టిన ఆదరణ కూడిక అయ్యాక పాల్ రాజ్, అద్దె ఇల్లు ఇంక ఎందుకు, నెలాఖరుకు ఖాళీ చేద్దామన్నాడు. వాడిది ఆర్మూర్‌లో ఆటో. వాడు సామాను చూసుకుంటానంటే నేను షాపు మూడు వారాలు మూసి బోధన్ వచ్చాను. అమ్మ చివరిగా అప్పజెప్పిన పని ఆ అయిదు బొంతలు. బతికుండగా ఆమె కళ్లకు చెయ్యని పని, పోయాకైనా ఆమె మాటకు చేస్తాననుకున్నాను. అవి పూర్తి చేసి ఎవరివి వాళ్లకు ఇవ్వాలి, అమ్మ మీద ఒక్క మాట మిగలకూడదు. నాకు అదొక్కటే పట్టుకుంది.

రేకు సందుగ తీస్తే అయిదూ మడతలు పెట్టి ఉన్నాయి. ఒక్కోదానికి పాత క్యాలెండర్ కాగితం ముక్క పిన్ను పెట్టి ఉంది. అమ్మకు రాత రాదు. ఎవరితోనో పేరు, ఊరు, ఫోన్ నంబరు రాయించుకుంది. అన్నింటికీ నడుమ ఖాళీయే. ఒకదానికి జానెడు, ఒకదానికి మూరెడు.

విప్పి పరిచి చూశాను. అయిదింటికీ అంచు వరుస వంకర టింకర. ఒక కుట్టు బొటనవేలంత పొడుగు, పక్కది వడ్లగింజంత. ఒకచోట దారం ముడిపడి ఉంటే ముడి మీదుగానే కుట్టుకుపోయింది. ఒకచోట గుడ్డ దాటి పక్కకు పోయి మళ్లీ వచ్చింది. ఇదీ మా అమ్మ చూపు పరిస్థితి, నేను పెళ్లి బ్లౌజులకు కుందన్లు అంటించుకుంటూ కూర్చున్నాను అని ఒక్కదాన్నే ఏడ్చాను. ఆ వంకర కుట్లు చూస్తుంటే నన్నెవరో వేలెత్తి చూపిస్తున్నట్టే ఉంది. అవి జనం కంట పడకూడదు అనుకున్నాను. అమ్మ పరువు కోసమనే అనుకున్నాను. నా పరువు కూడా అందులో ఉందని ఇప్పుడు అనిపిస్తుంది.

బ్లేడు తీసుకుని అయిదు బొంతల అంచు వరుసలూ విప్పేశాను. పాత గుడ్డ కదా, చిరగకుండా ఒక్కో కుట్టే కోసి, దారం లాగాను. ఒక పూట పట్టింది ఒక్కోదానికి. అంచు తడిపి, ఇస్త్రీ చేసి, సూది బెజ్జాలు కూడా కనపడకుండా చేశాను. చుట్టూ మెరూన్ రంగు పట్టీ వేసి మిషన్ మీద కుట్టాను. నడుమ ఖాళీ మాత్రం మందం వల్ల మిషన్ కింద పట్టలేదు, సూది విరిగింది. చేత్తోనే కుట్టాను, అమ్మ వరుసల పక్కనే, వాటికి తగ్గట్టు. పన్నెండు రోజులు పట్టింది. విప్పిన దారాలు, పేలికలు ఊడ్చి పెరట్లో ఆకులతో కలిపి కాల్చాను.

పాల్ రాజ్ వచ్చి చూసి, షోరూం మాల్ లెక్క ఉన్నాయి అక్కా అన్నాడు. నాకు కడుపు నిండింది. అయిదుగురికీ ఫోన్లు చేశాను. నలుగురు ఆదివారం వస్తామన్నారు. కోటగిరి ఆశన్న మాత్రం, బొంత అయిపోయిందనగానే, అయిపోయిందా అని రెండుసార్లు అడిగాడు. మరునాడు పొద్దున పది కాకముందే బస్సు దిగి ఇంటికి వచ్చాడు.

అరవై దాటిన రైతు. చేతుల గీతల్లో పసుపు ఇంకిపోయి ఉంది. నీళ్లు తాగి, అమ్మ ఫోటోకు దండం పెట్టి, బొంత ఒళ్లో పెట్టుకున్నాడు. నేను మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను. ఆయన పైన పేలికలు చూడలేదు, నడుమ నా పని చూడలేదు. బొటనవేలితో అంచు తడుముకుంటూ ఒక మూల నుంచి మొదలుపెట్టి చుట్టూ వచ్చాడు. మొదటి మూలకు చేరి మళ్లీ ఇంకోసారి తిరిగాడు.

"మా ఆమె టాకా ఏది బిడ్డా?" అన్నాడు.

టాకా అంటే కుట్టని తెలుసు గానీ, ఆయన అడిగేదేమిటో నాకు అర్థం కాలేదు. అంచు కుట్టు సాఫుగా లేకపోతే విప్పి కొత్తగా వేశానని, అమ్మకు చివర్లో చూపు ఆనలేదని చెప్పాను. ఆయన నా ముఖంలోకి చూశాడు. కోపంగా కాదు.

"అంచు వరుస శారమ్మక్క కుట్టది గదా. బొంత ఎవలిదైతె ఆ ఇంటామె కుడతది. పరాయి చెయ్యితోని మొదలైన బొంత ఒంటికి కాక ఇయ్యదంటరు. నీకెరుక లేదా?"

వరండాలో నాలుక కరుచుకుని కుట్టిన ఆడవాళ్లందరూ ఒక్కసారిగా నా కళ్ల ముందు కూర్చున్నారు.

అప్పుడు తట్టింది ఇంకో సంగతి, చెప్పడానికి సిగ్గుగా ఉంది. బొంతకు అంచు ముందు కుడతారు, నడుమ చివర కుడతారు. చూపు మందగించేదైతే చివరి వరుసలు వంకర పోవాలి. అంచు ఎట్లా పోతుంది? లోపలి వరుసలన్నీ తాడు లాగి పట్టినట్టు ఉన్నాయి, చివరిదాకా. అమ్మ చూపుతో కాదు, వేలితో కుట్టింది. వాటి పక్కనే పన్నెండు రోజులు సూది నడిపాను నేను. చూశాను, చూసీ ఆలోచించలేదు. ఒంటి కొలత చూడగానే చెప్పే దర్జీని, మా అమ్మ చేతి కుట్టేదో పరాయి చేతి కుట్టేదో గుర్తుపట్టలేకపోయాను.

ఆశన్న నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. ఆయన భార్య వసంతమ్మకు అంగీ గుండీ కుట్టడం కూడా రాదట. ఈ వరండా మీదే కూర్చుని, వేళ్లకు సూది గుచ్చుకుంటూ, పొద్దంతా పట్టి ఆ వరుస కుట్టిందట. ఆయన మెట్టు మీద చాయ్ తాగుతూ, నాగలి సాలు కూడా ఇంతకంటే నయమని ఆటపట్టించాడట. సరిచేయమని వసంతమ్మే అడిగితే, అమ్మ ఒక్క కుట్టు కూడా ముట్టుకోలేదట. ఆ తర్వాత నెలకే జ్వరమని ఆస్పత్రికి పోయింది, దసరాకు లేదు. మూడేళ్లయింది.

"మరి పూర్తి ఎందుకు కాలేదు కాకా? అమ్మకు చాతకాకనా?"

"నేనే ఒద్దన్న. అయిపోతె ఇంటికి తీస్కపోవాలె. తీస్కపోతె కప్పుకోవాలె. నాకు దిల్ కాలే. బోధన్ అచ్చినప్పుడల్ల ఈడికస్తుంటి. శారమ్మక్క సందుగ తీసి ఒళ్లె పెడుతుండె. ఆ టాకాలు జరసేపు చూస్కొని పోతుంటి. కుట్టన్నా అని ఒక్కనాడు అడగలే ఆమె."

మిగిలిన నాలుగూ అంతేనట, అంచు కుట్టిన చెయ్యి ఇప్పుడు లేనివే. అమ్మ వాటిని కుట్టలేక ఆపలేదు, దాచి ఉంచింది. ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని చెప్పబోయింది అదే. నడుమ కుట్టకు, అట్లనే ఉంచు అని. నేను నవ్వి ఆపేశాను.

ఈ మెరూన్ పట్టీ తీసేస్తాను, ఆమె కుట్టినట్టే మళ్లీ కుడతాను, నాకు ప్రతి వంకరా గుర్తుంది అని ఏడుస్తూ చెప్పాను. నిజంగానే గుర్తుంది. అంత శ్రద్ధగా విప్పాను మరి. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నువ్వు కుడితె నీ టాకానే అయితది బిడ్డా." తర్వాత అడిగాడు, "విప్పిన దారమన్న ఉన్నదా?"

కాల్చేశానని చెప్పాను. ఆయనకు సరిగ్గా వినపడక, ఆ మాట రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఆయన బొంతను జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టుకున్నాడు. నడుమ కుట్టు మంచిగుందని, అమ్మ చెయ్యి వచ్చిందని కూడా అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. బస్సుకు టైమైందని లేచాడు. సందు మలుపు దాకా వెంట పోయాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏముంది. మిగిలిన నలుగురూ ఆదివారం వస్తారు, ఒళ్లో పెట్టుకుని అంచు తడుముకుంటారు. అది మళ్లీ నాలుగుసార్లు నా కళ్లతో చూడలేను. రాకముందే చెప్పాలి. సాయంత్రం దాకా ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుని, కాగితం చూసి భీమ్‌గల్ శైలజ నంబరు కొట్టాను. ఆమెది తల్లి కుట్టిన వరుస.

"శైలజమ్మా, నేను శారమ్మ బిడ్డ రజినిని. బొంత గురించి ఒక మాట చెప్పాలె. నాది తప్పయింది. మీ అమ్మ కుట్టిన అంచు వరుస, తెలువక నేను విప్పేసిన."

అవతల వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"కొంచెమా?" అని అడిగింది శైలజ.

"మొత్తం" అన్నాను.