ట్యాంకర్ మైకులో నా పేరు

మాది కదిరి దగ్గర పల్లె. ఇంట్లోనే కుట్టుమిషన్ పెట్టుకుని బట్టలు కుడతాను. పోయిన ఎండాకాలం నా క్రెడిట్ కార్డు మీద డబ్బు తీసి చేన్లో బోరు వేయించాము. నీళ్లు పడలేదు. కార్డుకు నెలనెలా కట్టే కంతులు ఆగిపోయాయి.

మా ఊరికి నీళ్ల ట్యాంకర్ వస్తే పంచాయతీ మైకులో చెబుతారు. ఆ మధ్యాహ్నం మైకు గరగరమనగానే ఆడవాళ్లందరం బిందెలు పట్టుకుని బయటికి ఉరికాము. వినిపించింది ట్యాంకర్ మాట కాదు. "టైలర్ షమీమ్ కార్డు బాకీ ఎగ్గొట్టి తిరుగుతోంది" అని ఎవరిదో కొత్త గొంతు. పొద్దున మా ఇంటికి వసూలుకు వచ్చిపోయినవాడే, పంచాయతీ వాళ్లను బ్యాంకు ప్రకటన అని నమ్మించి మైకు తీసుకున్నాడట. వీధంతా నా వైపే చూసింది.

నాకు ఒళ్లు మండిపోయింది. బిందెతోనే పోయి వాడి చేతిలో మైకు లాక్కున్నాను.

"నేనే షమీమ్‌ని. బాకీ ఉండేది నిజమే, కడతా. పొద్దున నేను కదిరికి పోయింటే, మా ముసలి అత్తను నోటికొచ్చినట్ల తిట్టినోడు ఈడనే ఉండాడు. వచ్చి చూడండి."

ఖాళీ బిందెలతో ఆడవాళ్లంతా పంచాయతీ గడప ముందుకు వచ్చేశారు. మా ఎదురింటి సుబ్బమ్మవ్వ వాడిని అడిగింది. "ఏమప్పా, ఆయమ్మ పేరు ఊరంతా చెప్పినావు కదా. నీ పేరేంది, మీ అమ్మ పేరేంది, అది కూడా మైకులో చెప్పు."

వాడు తల వంచుకుని బండెక్కి పోయాడు.

బాకీ నెలనెలా కడుతున్నాను, అది తీరిపోతుంది. కానీ ఇప్పటికీ మైకు గరగరమంటే, బిందె అందుకునే ముందు ఎవరి పేరు వస్తుందోనని ఆగిపోతాను. అందుకు మాత్రం వాడిని చచ్చేదాకా క్షమించను.