పెట్రోల్లో కలపని నూనె

ఆర్.కె.పేట నేతవీధిలో గోపాలన్ ఇంటి ముందు ఎప్పుడూ రెండు మూడు మిషన్లు విప్పి ఉంటాయి. మగ్గం గుంట పూడ్చి సిమెంటు వేసినాక ఆ ముందుగదే వర్క్‌షాపు అయింది. మందు కొట్టే స్ప్రేయర్లు, గడ్డి కోసే మిషన్లు, చిన్న ట్రాక్టర్లు, అన్నీ తానే విప్పి చూసి, బిగించి నేర్చుకున్నాడు. పని మంచిది. నోరే కొంచెం ఎక్కువ. ఎవరి మిషను చెడినా, బాగుచేసే ముందు వాళ్ళ తప్పేదో నలుగురిలో చెప్పి నవ్వించకుండా ఉండలేడు.

ఆ వేసవిలో చెంచమ్మ తన గడ్డి మిషను భుజానేసుకొని వచ్చింది. మామిడితోటల్లో గడ్డి కోసి బతికే మనిషి.

"ఉన్నట్టుండి నిలిచిపోయిందన్నా. తాడు లాగితే కదల్లేదు."

గోపాలన్ సైలెన్సర్ విప్పి లోపలికి టార్చి వేశాడు. పిస్టన్ నిండా గీతలు. ఈ చిన్న ఇంజన్లకు విడిగా ఆయిలు ఉండదు. పెట్రోల్లో కలిపే నూనే దానికి ఆధారం. అది లేకపోతే పిస్టన్ కాలి కదలకుండా పట్టేస్తుంది.

"నూనె కలపకుండా ఉత్త పెట్రోలు పోసినావు చెంచమ్మా!"

"నువ్వు కలిపి ఇచ్చిందే పోసినానన్నా. ఇంక యాడా కొనలేదు."

"అయితే ఏదో పోసి మరిచిపోయినావు. వయసైంది గదా. మండ పనిచేస్తా ఉందా లేదా?" అని తలమీద వేలు పెట్టి చూపించాడు. రిపేరుకిచ్చిన ట్రాక్టరు కోసం వచ్చి కూర్చున్న శివప్రకాశం పగలబడి నవ్వాడు. పక్కనున్నవాళ్ళూ నవ్వారు. చెంచమ్మ మిషను అక్కడే వదిలి వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకు ఒక స్ప్రేయరు బాగుచేసి, చెంచమ్మకు పోసిచ్చిన క్యాన్లోంచే పెట్రోలు పోసి నడిపి చూశాడు. కాసేపటికే ఇంజను గొంతు మారింది. చటుక్కున ఆపేశాడు. అనుమానమొచ్చి రెండు చుక్కలు పేపరు మీద వేశాడు. పెట్రోలు ఆరిపోయింది. నూనె కలిపుంటే జిడ్డు మరక మిగలాలి. కాగితం శుభ్రంగా ఉంది. అరలో కొత్త నూనె డబ్బా సీలు కూడా తీయలేదు.

"ఆ పొద్దు నువ్వు క్యాను నింపతా ఉంటే శివప్రకాశం ట్రాక్టరు వచ్చింది గదా," అనింది భార్య రాజామణి, బియ్యం ఏరుతూ. "మూత పెట్టి లేచి పరిగెత్తినావు."

గోపాలన్ ఆ కాగితాన్ని ఉండచేసి పారేశాడు. తిరుత్తణి పోయి కొత్త పిస్టన్, సిలిండరు తెచ్చి చెంచమ్మ మిషనుకు వేశాడు. ఊరికే ఇచ్చేస్తే సరిపోతుందనుకున్నాడు. ఆమె వచ్చి, వీధిలోనే రెండు చేతులూ జోడించింది.

"నా తప్పుకు నువ్వు కష్టపడినావన్నా."

"పర్వాలేదులే. ఇకమీద జాగ్రత్తగా ఉండు," అన్నాడు.

ఆమె పోయినాక లోపలికెళ్ళి కూర్చున్నాడు. ఆ మాట తన నోటినుంచి ఎలా వచ్చిందో అతనికే అర్థం కాలేదు. అన్నం ముందు పెట్టుకొని కలుపుతూనే ఉన్నాడు.

అయినా వెళ్ళి నిజం చెప్పడానికి కాళ్ళు కదల్లేదు. చివరకు చెంచమ్మ కోడలు సోఫియా బస్టాండులో ఎదురై పలకరించింది.

"మిషను ఎవరికైనా అమ్మిపెట్టండి మామా. అత్తకు మతి తప్పతా ఉందని భయం పట్టుకునింది. మాత్ర వేసుకున్నానా అని పదేపదే అడగతాది. గ్యాసు ముట్టాలన్నా వణుకుతాది. మీరు ఆ పొద్దు చెప్పినప్పటినుంచే."

గోపాలన్ ఎక్కాల్సిన బస్సు ఎక్కలేదు. ఆ పిల్ల వెంటే నడిచి ఇంటికి పోయాడు. చెంచమ్మ గడపలో కూర్చొని చింతపండు గింజలు తీస్తోంది.

"నువ్వేం మరిచిపోలేదు చెంచమ్మా. నూనె కలపంది నేనే."

ఆమె చెయ్యి ఆగింది.

"మిషను ఇచ్చిన పొద్దు నీకు తెలుసునా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. "తెలుసు," అన్నాడు.

"నేను దండం పెట్టినప్పుడూ తెలుసు."

గోపాలన్ తల దించుకున్నాడు. సోఫియా "ఎన్న మామా ఇదు! ఏంది మామా ఇది!" అని మాత్రం అనగలిగింది. చెంచమ్మ తిట్టలేదు. "నాకు పిచ్చి పడతా ఉందని ఏడ్చినానన్నా," అని చెప్పి, గింజలు తీస్తూ లోపలికి తిరిగి కూర్చుంది.

మర్నాడు వీధిలో, నవ్వినవాళ్ళందరి ముందూ, జరిగింది చెప్పాడు. శివప్రకాశం తేలిగ్గా తీసుకున్నాడు. "పోనీలే గోపాలన్నా, ఒక్క మిషనే గదా! ఆమె ఏమన్నా కేసు పెట్టిందా?" అని మళ్ళీ నవ్వాడు. ఆ నవ్వు తానే నేర్పినట్టనిపించి గోపాలన్‌కు ఒళ్ళంతా మండింది.

చెంచమ్మ తిరిగి తోటల్లోకి వెళ్తోంది. రిపేరుకు మాత్రం బస్సెక్కి తిరుత్తణి పోతుంది. పొద్దున పూట గాలి ఇటు తిరిగితే ఆమె మిషను చప్పుడు వీధిదాకా వినిపిస్తుంది. గడ్డి కోయకుండా ఊరికే ఉన్నప్పుడు కూడా కొంచెం ఎక్కువ వేగంగా తిరుగుతోంది. ఒక్క స్క్రూ కాస్త వెనక్కి తిప్పితే చాలు. గోపాలన్ చేతిలో పని ఆపి వింటాడు. వెళ్ళి ఆ సంగతి చెప్పే ముఖం మాత్రం అతనికి లేదు.