ఉచితంగా దొరికిన పది డబ్బాలు

ఆ రోజుల్లో ఊరికే దొరికేదంటే నాకు మహా గౌరవం. హిందూపురంలో ఒక మేడ మీద గదిలో మా కంపెనీ. కంపెనీ అంటే మా సారు, నేను, ఇంకో ఇద్దరు, ఒక ఇన్వర్టరు. ఆరు నెలలుగా జావా ప్రోగ్రాములు రాస్తున్నా ఇంకా పర్మినెంటు కాలేదు. ధర్మవరంలో ఒక పట్టుచీరల సావుకారుకు ఏ చీర ఎంతవరకు వచ్చిందో చూపించే ప్రోగ్రాము చేసిపెడితే పర్మినెంటు చేస్తానన్నాడు సారు. మా నాయన నేసేది ఆ సావుకారు మగ్గం మీదనే.

ప్రోగ్రాము రాయకముందే దాని బొమ్మ గీయాల, యూఎంఎల్ అంటారు. చీరకో డబ్బా, మగ్గానికో డబ్బా, మధ్యలో గీతలు. (నేసేముందు గ్రాఫు కాయితం మీద అంచు డిజైను గీస్తారే, అట్లాంటిదే.) అది గీసేదానికొక సాఫ్ట్‌వేర్ కావాల. "ఫ్రీగా దొరికేది చూడప్పా, బొమ్మలకు యవురన్నా దుడ్లిస్తారా?" అన్నాడు సారు. పదిరోజులు అదే పనిగా వెదికినా. ఒకటి నెల తిరగ్గానే మూతబడేది. ఇంకోటి ఎక్కించీ ఎక్కించకముందే మా కంప్యూటర్‌ను పడుకోబెట్టింది. మూడోది మాత్రం బంగారం, బొమ్మ గీస్తే సగం జావా కోడు అదే రాసిస్తుంది. కాకపోతే ఉచితం గనక పది డబ్బాలే. నాకు పదకొండు వచ్చినాయి. చీర తీసేదానికి లేదు, మగ్గం తీసేదానికి లేదు, జరీ, రంగు, బుటా, ఆర్డరు... అన్నీ చూసి చూసి 'నేతగాడు' అనే డబ్బాను తీసేసినా. మగ్గానికి నంబరుంది కదా, చాల్లే అనుకున్నా. ఎంత తెలివో నాది!

బస్సు పెనుకొండ దాటేదాకా సారు నన్ను పొగుడుతూనే ఉన్నాడు. సావుకారు అంగడిలో గోడ మీద బొమ్మ వేసి, గంటసేపు ఊదరగొట్టినా. కొడుకు ప్రతాపం చూద్దామని నాయన మగ్గం దిగొచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. అంతా అయినాక మెల్లగా అడిగినాడు. "ఏంరా, దీంట్లో నేసేటోడు యాడుండాడు?"

సావుకారు కళ్ళద్దాలు సర్దుకుని మళ్ళీ చూసినాడు. "అవునప్పా! ఏ చీర యవురి చేతిలో ఉండాదో తెలీకనే కదా మిమ్మల్ని పిలిపిచ్చింది?"

ఆ పని పోయింది, దాంతోపాటే నా ఉద్యోగమూ పోయింది. మరుసటి వారమే సారు డబ్బాలకు లెక్కే లేని సాఫ్ట్‌వేర్ కొన్నాడంట, నా కుర్చీలో కూర్చున్నోడికి. (ఆ కడుపుమంట ఇంకా చల్లారలేదు, దాచేదేముంది?)

ఇంటికొచ్చి నాయన మీద ఎగిరినా. "నువ్వు నోరు మూసుకోనుంటే నా ఉద్యోగం నిలబడేది. నీకేం తెలుసని అడిగినావు?"

"నాకేం తెలుస్తాదిరా," అన్నాడు నాయన. "నేను యాడన్నా ఉండానేమో అని ఎతికినా, అంతే."

ఇప్పుడు బెంగళూరులో కొత్తగా చేరే పిల్లలకు నేనే ట్రైనింగు ఇస్తాను. ఈ కథ చెప్తే పది డబ్బాల దగ్గర పడీ పడీ నవ్వుతారు. అప్పటి నా తెలివికి నేనూ నవ్వుతాను. సావుకారు మాట దాకా చెప్పి ఆపేస్తాను. ఆ తర్వాతది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేకపోయినా.