జొన్నల సంచి మీద తెరిచిన అరచెయ్యి

మా వదిన పోయిందని అన్న ఫోన్ చేసేసరికి నేను ఉప్పల్‌లో ఒక సభలో, కొత్త రాష్ట్రంలో ఎవరి వాటా ఎంతో తేల్చాలని గొంతు చించుకుంటున్నాను. వేదిక దిగి షేర్ ఆటో ఎక్కాను. సిగ్నల్ దగ్గర అది ఆగితే కూర్చోలేక దిగిపోయి నాచారంలో మా ఇంటి దాకా నడిచాను. ఆమె చూసి ఉంటే "ఏం మరిదీ, సీటుల ముల్లున్నదా?" అనేది.

నిద్రలోనే గుండె ఆగిందట. మంచి చావు అంటున్నారు అందరూ. చావులో మంచి ఏమిటో నాకింకా ఎవరూ చెప్పలేదు.

వదిన రామంతాపూర్‌లో ఒక ప్రైవేటు బడిలో డ్రిల్ టీచరు. కాలేజీ రోజుల్లో నేర్చిన ఎయిర్ రైఫిల్‌ను కాపురానికి వెంట తెచ్చుకుంది. కోడలు తుపాకి తెచ్చిందని మా చుట్టాలు ఏడాది పాటు చెప్పుకున్నారు. తర్వాత ఆటో బోల్తా పడి ఎడమ భుజం విరిగింది. ఆ చెయ్యి మళ్లీ పైకి లేవలేదు. ఇక తుపాకి అటక మీదికే అనుకున్నాం. ఆమె అనుకోలేదు. పాత పావడా చింపి సంచి కుట్టి, జొన్నలు పోసి, దాని మీద తుపాకి ఆనించడానికి మేడ మీద బల్ల వేసింది.

"ఆనించి కొట్టడంలో ఏముంది వదినా, ఎవరైనా కొడతారు" అన్నాను. కొట్టు అంది. తుపాకిని సంచిలోకి బలంగా అదిమి కాల్చాను. ఒక గుండు పైకి, ఒకటి పక్కకి పోయాయి.

"ఇది స్ప్రింగు తుపాకి. గుండు బయటపడకముందే దుంకుతది. నువ్వు అదిమినకొద్ది ఎటువడితె అటు దుంకుతది. దుంకనియ్యి. కాని ప్రతిసారి ఒక్క తీరుగ దుంకాలె."

సంచి మీద అరచెయ్యి తెరిచి పెట్టి, అందులో తుపాకిని పండబెట్టేది. వేళ్లు మూసేది కాదు. గురి చూశాక కళ్లు మూసి తెరిచేది. ఆ లోపల గురి పక్కకి జరిగి ఉంటే తుపాకిని నెట్టేది కాదు, సంచిని జరిపేది, తన కుర్చీని జరుపుకునేది.

"అన్యాయాన్ని గూడ గిట్లనే పండబెట్టమంటవా?" అని వాదనకు దిగాను.

"నీ అన్యాయం సంగతి నాకు తెల్వది. నీ మోచెయ్యి అయితె బల్ల దిగింది, సూస్కో."

మా గల్లీలో దసరా నాడు బండ్లతో పాటు ఆమె తుపాకికీ బొట్టు పెట్టేవారు. పూజయ్యాక ఇసుక బస్తాలు పేర్చి, వాటి ముందు దారానికి నిమ్మకాయ వేలాడదీసి, దాన్ని కొట్టే పందెం. అంతకుముందు నిలబడి కొట్టి గెలిచిన మనిషి ఆమె. భుజం విరిగిన ఏడు కూడా తన వంతు అడిగింది. గల్లీ సంఘం పెద్దాయన నవ్వాడు.

"ఆనిచ్చి కొడితె కొట్టుడెట్లయితది అక్కా? మీరు బొట్టు పెట్టుండ్రి, సాలు."

తుపాకి ఆమెది, బొట్టు ఆమెది, వంతు మాత్రం ఆమెది కాదు. ఇదేం న్యాయమని నేను అందుకున్నాను. సమానత్వం నుంచి మొదలుపెట్టి ఎటో వెళ్లిపోతుంటే ఆమె ఆపింది.

"మరిదీ, జర ఊకో. అడిగింది నేను." ఆయన వైపు తిరిగింది. "మీరందరు గీ సంచి మీదనే కొట్టుండ్రి. అంత అల్కగ, సులువుగ ఉంటె నేను ఇంట్లకు వోత."

మగవాళ్లంతా నవ్వుతూ వచ్చారు. కోసే యాటను అదిమినట్టు తుపాకిని అదిమారు. బస్తాల్లోంచి దుమ్ము లేచింది తప్ప కాయ కదల్లేదు. ఆమె కూర్చుంది. మొదటి గుండు తప్పింది.

"భుజంతోని కన్ను గూడ పోయినట్టుంది" అన్నారెవరో. నేను నోరు తెరిచాను.

"నీ మీది కోపం నా చేతులకు దిగింది. పక్కకు నిలవడు" అంది నాతో, మెల్లగా.

వేళ్లు విప్పింది. కళ్లు మూసి తెరిచింది. సంచిని కాస్త జరిపింది. ఈసారి నిమ్మకాయ పగిలి రసం బస్తాల మీద చిమ్మింది.

అయినా బహుమతి ఇవ్వలేదు. ప్రోత్సాహం అంటూ ఒక ప్లాస్టిక్ బుట్ట చేతిలో పెట్టారు. కరపత్రం వేస్తానని నేను ఎగిరాను.

"ఎయ్యి. కాని బుట్ట ముచ్చట రాయకు. వచ్చే దసరకు బల్ల వాళ్లే ఎయ్యాలె, గది రాయి."

అదే రాశాను. మరుసటి దసరాకు సంఘం వాళ్లే బల్ల వేశారు. ఆ బల్ల దగ్గర చేతులు వణికే టైలరు, నెలలు నిండిన పక్కింటి కోడలు, మోకాళ్ల నొప్పుల ముసలమ్మ వంతు కోసం వరసలో నిలబడ్డారు. ఆనుకోవడానికి ఇంత చోటివ్వడాన్ని ఇప్పటికీ దయ అనుకునేవాళ్లున్నారు. వాళ్లతో నా తగవు తీరలేదు.

దినాలయ్యాక మేడ ఎక్కాను. పావురాలు సంచి మూల చింపి జొన్నలు తింటున్నాయి. అదిలించాను. ఎదుట, ఆమె సాధన కోసం కట్టుకున్న నిమ్మకాయ నల్లగా ఎండి వానగాలికి ఊగుతోంది. ఆమె కుర్చీలో కూర్చుని సంచి మీద చెయ్యి పెట్టాను. వేళ్లు వాటంతటవే ముడుచుకున్నాయి. విప్పాను. మళ్లీ ముడుచుకున్నాయి, మళ్లీ విప్పాను. చెయ్యి కింద నుంచి జొన్నలు ఒక్కొక్కటే జారి బల్ల మీదికి, బల్ల మీంచి తడి నేల మీదికి రాలుతున్నాయి.